ఏడూ నలభైకి వచ్చే మనిషి

నాకు నలభై ఒకటో ఏడు నడుస్తుండగా ఉద్యోగం పోయింది. నిజానికి పోయింది ఉద్యోగం కాదు, బడే. కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల వెనక మా చర్చివాళ్లు నడిపిన చిన్న తెలుగు బడిలో పద్దెనిమిదేళ్లు పాఠాలు చెప్పాను. చివరి ఏడాది నా తరగతిలో ఏడుగురు మిగిలారు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, ఫోన్లో హిందీ మాట్లాడే పిల్లలు. గుణింతం రాయమంటే నేనేదో పాత పగ తీర్చుకుంటున్నట్టు చూసేవాళ్లు. వాళ్లను తిట్టానే గాని వాళ్ల తప్పేమీ లేదని నాకూ తెలుసు. వేసవి సెలవులకు మూసిన తలుపు మళ్లీ తెరవలేదు.

ఆ తరవాత సలహాలకు కొదవ లేదు. ట్యూషన్లు చెప్పుకోమన్నారు, కుట్టుమిషన్ పెట్టుకోమన్నారు, ఆదివారం పిల్లల క్లాసు చూసుకోమన్నారు. జాలిపడి సలహా ఇచ్చేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. ఆ మంటలోనే, హౌరా స్టేషన్ బయట ఒక బోర్డు చూసి, సర్వర్లూ నెట్‌వర్కులూ నేర్పే సాయంత్రం క్లాసులో చేరతానని ఇంట్లో చెప్పాను. మా ఆయన యార్డులో రైలుపెట్టెల బ్రేకులు పరీక్షించే ఉద్యోగి. పుట్టింది ఇక్కడే అయినా తాతల నాటి శ్రీకాకుళం మాట ఆయన నోట్లో చెక్కుచెదరలేదు.

“ఏటి, కంప్యూటర్లా? ఛానెల్ మార్సమంటే టీవీయే ఆపేస్తావు కదే నువ్వు,” అని నవ్వారు.

నవ్వారే గాని, మర్నాడు సెలవు పెట్టి నన్ను తీసుకెళ్లి చేర్పించిందీ ఆయనే.

క్లాసులో అందరూ నా పాత విద్యార్థుల ఈడువాళ్లు. నన్ను ఆంటీ అనేవాళ్లు. ముసలోడికి దసరా పండగ అని వాళ్ల భాషలో ఏదో ఒకటి అనుకునే ఉంటారు. కానీ మొదటి పాఠమే నాకు మా ఇంటి పాఠంలా తోచింది. ఒక యంత్రం ఇంకో యంత్రాన్ని చిరునామా పెట్టి పిలుస్తుంది. అవతలిది ఉంటే పలుకుతుంది, లేకపోతే లేదు. దాన్ని పింగ్ అంటారు. పద్దెనిమిదేళ్లు హాజరు పిలిచినదాన్ని, నాకు ఇంతకంటే తెలిసిన పని ఏముంది? మిగతావాళ్లు ఆవలిస్తుంటే నేను వరసగా పిలుచుకుంటూ పోయాను. మాస్టారు ఒక్క మాట అన్నాడు. పలికిందంటే అక్కడ ఏదో ఉందని మాత్రమే అర్థం, అది ఎవరో పలుకు చెప్పదు అని. నోట్సులో రాసుకున్నాను, పరీక్షలో అడుగుతారేమోనని.

ఏడాది తిరిగాక భవానీపూర్‌లో రక్తపరీక్షలూ స్కాన్లూ చేసే ఒక ల్యాబులో పని దొరికింది. ఆరు నెలలు చూస్తాం, నచ్చితే ఖాయం చేస్తాం అన్నాడు మేనేజరు. నాకంటే పదేళ్లు చిన్న, నన్ను దిది, అంటే అక్క, అని పిలుస్తాడు, మాట మెత్తన, కన్ను చురుకు. ఆ ఆరు నెలలూ నాకు ఎంత ముఖ్యమో అతనికి తెలియదు. ఈ నగరంలో నలభై దాటిన ఆడమనిషికి ఈ పనిలో మొదటి అవకాశం ఒకరిస్తారు. అక్కడ పనికిరాదని పంపేస్తే రెండోది ఎవరూ ఇవ్వరు. పైగా జాలి సలహాలన్నింటినీ తోసిపుచ్చి వచ్చాను. తిరిగి ఆ మొహాల ముందు ట్యూషన్ బోర్డు కట్టుకోవడం కంటే నాకు అవమానం లేదు. నా బుర్ర ఇంకా కొత్తది నేర్చుకోగలదా లేదా అన్న ప్రశ్నకు కూడా ఆ ఉద్యోగమే జవాబు.

ల్యాబు ఒక సందులో పాతకాలపు పెద్ద ఇంటి కింది అంతస్తులో ఉంది. ఎత్తైన కప్పు, ఆకుపచ్చ కిటికీ రెక్కలు, నడిమధ్య వాకిలి. మెట్ల కింద ఉన్న ఒకప్పటి పూజగదిలో సర్వర్లు పెట్టారు. గోడలో దేవుడి గూడు అలాగే ఉంది, పైన దీపపు మసి కూడా పోలేదు. చెప్పులు బయటే విడిచి వెళ్లాలి. దుమ్ము పడకూడదని అంటారు గాని, విడిచేవాళ్ల తీరు చూస్తే అది దుమ్ము భయంలా ఉండేది కాదు. తలుపు మూస్తే లోపల చల్లగా, ఎడతెగని హోరు. కూర్చున్న కాసేపటికి ఆ హోరు వెనక ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు ఉండేది. కొత్త ఇంట్లో మొదటి రోజుల్లో అందరికీ అలాగే ఉంటుందని సర్దిచెప్పుకున్నాను.

నాకు అప్పగించిన మొదటి పెద్ద పని ఇది. స్కాన్ బొమ్మలూ కౌంటర్‌లో బిల్లులూ ఒకే దారిలో వెళ్తున్నాయి. స్కాన్లు లారీలైతే బిల్లులు సైకిళ్లు. లారీ వస్తే సైకిల్ ఆగిపోతుంది, కౌంటర్ ముందు జనం గొణుగుతారు. స్కాన్లకు వేరే దారి వెయ్యి అన్నాడు మేనేజరు. తీగలన్నీ వచ్చి చేరే పెద్ద స్విచ్‌లో కొన్ని సెట్టింగులు మార్చాలి, అంతే. రెండు రోజులు చదివి, కాగితం మీద గీసుకుని, ఒక మధ్యాహ్నం మార్చాను. కౌంటర్ పరుగెత్తింది. మేనేజరు వచ్చి మెచ్చుకుని, మిఠాయి తెప్పించాడు. ఆ రాత్రి ఇంట్లో నేను నడిచిన నడక మీరు చూడలేదు.

మర్నాడు వెళ్లేసరికి కౌంటర్ ముందు మళ్లీ గొణుగుడు. స్విచ్ తెరిచి చూస్తే నేను మార్చినవేవీ లేవు. అన్నీ పాతవే, పాత వరసలోనే.

సేవ్ చేసి ఉండవు దిది, కొత్తలో అందరూ చేసే తప్పే అన్నాడు మేనేజరు. కావచ్చు అనుకున్నాను. ఈసారి మార్చి, సేవ్ చేసి, మళ్లీ సేవ్ చేశాను. మర్నాడు పాతవే. మూడోసారి మార్చి, తెరను ఫోన్‌తో ఫొటో తీసుకుని మరీ ఇంటికి వెళ్లాను. మర్నాడు పాతవే. ఫొటోలో నేను మార్చినవి ఉన్నాయి, స్విచ్‌లో లేవు. ఆ ఫొటో చూపిస్తే మేనేజరు పెద్దది చేసి చూసి, ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టాడు. ఫొటో కంటే నన్నే ఎక్కువసేపు చూడడం నాకు నచ్చలేదు.

ఇంట్లో చెప్పాను. మా ఆయన అన్నం కలుపుతూ విన్నారు.

“నువ్వు సేసినట్టు అనుకున్నావేమోనే. ఒక్కోపాలి మనసు అలాగ సేస్తాది,” అన్నారు.

ఆయన ఓదార్పుగానే అన్నారు. కానీ ఆ రోజు నుంచి నన్ను నేను నమ్మడం మానేశాను. కూరలో ఉప్పు వేశానా, తలుపు గొళ్లెం పెట్టానా, రైలు పాసు తీసుకున్నానా అని రెండేసి సార్లు చూసుకునేదాన్ని. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నా గురించే పుట్టిన సామెత అనిపించింది. భయమేసింది. ఉద్యోగం గురించి కంటే నా గురించి ఎక్కువ భయమేసింది.

చివరికి పంతులమ్మ బుద్ధే కాపాడింది. తరగతిలో రోజూ సుద్ద ముక్కలు పోతుంటే ఏం చేస్తాం? అందరికంటే ముందు వెళ్లి కూర్చుంటాం. ఒక సాయంత్రం సెట్టింగులు మళ్లీ మార్చి, మర్నాడు తెల్లవారకుండానే బయల్దేరాను. సంత్రాగాఛి నుంచి లోకల్లో హౌరా, అక్కడ నేల కిందికి దిగి మెట్రో. నది కింద వెళ్లేటప్పుడు సొరంగం గోడలకు నీలం దీపాలు వస్తాయి. పెట్టెలో నలుగురమే ఉన్నాం. నలుగురం ఆ నీలం వెలుగులో ఒకరినొకరం చూసుకుని వెంటనే చూపు తిప్పుకున్నాం.

ఏడున్నరకు ల్యాబు చేరాను. వాకిలి ఊడుస్తున్న దర్వాన్, ఆ ఇంటి కాపలాదారు, నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. ముసలాయన, ముప్పై ఏళ్ల కిందట బీహారు నుంచి వచ్చి ఆ ఇంటికే అతుక్కుపోయిన మనిషి. ఇప్పుడే లోపలికి ఎందుకు, కాసేపాగి టీ తాగి వెళ్లండి అన్నాడు. నేను ఆగలేదు. చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, తలుపుకు లోపల గడియ పెట్టుకుని, స్విచ్ తెర ముందు కూర్చున్నాను. నేను మార్చినవన్నీ మార్చినట్టే ఉన్నాయి. నిన్న చేసిన పని నేను నిజంగానే చేశాను. ఆ ఒక్క సంగతికే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఏడూ నలభై అయింది. స్విచ్ మీది పచ్చదీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. గదిలో హోరు సగానికి తగ్గింది. ఆ నిశ్శబ్దంలో నా ఊపిరి నాకే వినిపించింది. ఒక నిమిషం తరవాత దీపాలు ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటే వెలిగాయి. తెర చూస్తే అన్నీ పాత సెట్టింగులు. గడియ పెట్టినట్టే ఉంది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. ప్రభువా అని మాత్రం అనగలిగాను.

ఎవరు వచ్చారు, ఎప్పుడు వచ్చారు, ఏం చేశారు అని ప్రతి స్విచ్ ఒక చిట్టా రాసుకుంటుంది. దాన్ని చూడాలన్న జ్ఞానం నాకు అప్పటిదాకా లేకపోయింది, కొత్తరికం అంటే అదే. తెరిచి చూశాను. ఏడూ నలభైకి ఒక మనిషి పేరు మీద లోపలికి వచ్చినట్టు ఉంది. మార్చినట్టు ఉంది. వెళ్లిపోయినట్టు ఉంది. వెళ్లేముందు ఇంగ్లిషులో ఒక వాక్యం రాసి వెళ్లాడు: ‘ఎవరో ముట్టుకున్నారు, సరిచేశాను.’ వెనక్కి జరిపి చూస్తే నిన్నా ఉంది, మొన్నా ఉంది. ఎవరూ ముట్టుకోని రోజుల్లో ‘అంతా సరిగ్గా ఉంది’ అని ఉంది. చిట్టా ఎంతవరకు ఉందో అంతవరకూ, ఏడూ నలభైకి, అదే పేరు.

బయటికి వచ్చి ఆ పేరు చెప్పి, ఈయన ఎవరని దర్వాన్‌ను అడిగాను. అతను చీపురు గోడకు ఆనించి చేతులు తుడుచుకున్నాడు.

“మీ కుర్చీలో ఒకప్పుడు పనిచేసిన దాదా. పోయి మూడేళ్లయింది.”

దాదా అంటే ఇక్కడ అన్నగారు. తరవాత నేను అడక్కుండానే చెప్పాడు. ఆయన రోజూ సరిగ్గా ఆ వేళకే వచ్చేవాడట, రోగులు రాకముందు యంత్రాలన్నీ ఒకసారి చూసుకునేవాడట. ఆయన పోయాక ఆ కుర్చీలోకి ఇద్దరు వచ్చారు, ఇక్కడ చేసిన పని నిలవడం లేదని ఇద్దరూ మానేశారు. తాను మాత్రం ఆ సమయానికి ఆ గది ఊడవడు, వాకిలి ఊడుస్తాడు. ఎందుకని అడిగితే, అలవాటు అన్నాడు.

మేనేజరుకు దయ్యం సంగతి చెప్పేంత తెలివితక్కువదాన్ని కాదు. పాత ఉద్యోగి ఖాతా ఒకటి ఇంకా తెరిచే ఉంది అన్నాను. పాస్‌వర్డ్ మార్చెయ్యి అన్నాడు. మార్చాను. మర్నాడు ఏడూ నలభైకి ఆ పేరు మళ్లీ వచ్చింది. తాళం మార్చిన ఇంట్లోకి తలుపు తట్టకుండా వచ్చినట్టు వచ్చి, సరిచేశానని రాసి వెళ్లింది. అప్పటికి అయిదో నెల సగమైంది. దుర్గాపూజలోపు స్కాన్ల దారి నిలబడకపోతే ఖాయం చేయమని పైవాళ్లకు రాయలేను, ఏమనుకోకు దిది అన్నాడు మేనేజరు. ఏమనుకోకు అన్నాక మనిషి అనుకోవడం తప్ప చేసేదేముంటుంది?

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు ఈ ఊళ్లో యంత్రం అన్నదాన్ని ఎవరూ ముట్టుకోరు. రిక్షాకు దండ, లేత్ మిషన్‌కు దండ, మా సర్వర్లకూ దండ. దర్వాన్ స్విచ్ మీద సిందూరం బొట్టు పెట్టాడు. దేవుడి గూట్లో గుడ్డ కప్పి ఉన్న ఏదో పెట్టెకు కూడా బంతిపూల దండ వేసి, కింద పాత ఏళ్ల ఎండుదండలు తీసేశాడు. నేను చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. మాకు ఆ పూజ లేదు, కానీ పనిముట్టుకు ఒక రోజు విశ్రాంతి ఇవ్వడం నాకు నచ్చింది. ముందు రోజు సాయంత్రం పంతం కొద్దీ సెట్టింగులు మార్చి వెళ్లాను. ఆ రోజంతా అవి నేను పెట్టినట్టే ఉన్నాయి. చిట్టాలో ఏడూ నలభైకి ఏమీ లేదు. ఆ మర్నాడు ఏడూ నలభైకి మళ్లీ వచ్చాడు. ఎవరో ముట్టుకున్నారు, సరిచేశాను.

ఒళ్లు జలదరించింది, కానీ ఆ జలదరింపు మధ్యలో నా బుర్ర మొదటిసారి పనిచేసింది. దయ్యాలు పండగ సెలవు తీసుకోవు, మనుషులే తీసుకుంటారు. సెలవుల పట్టిక అనేది ఎవరో కూర్చుని రాస్తేనే ఉంటుంది, పద్దెనిమిదేళ్లు నేనూ రాశాను. ఇక్కడ విశ్వకర్మ పూజ ఏటా ఇంచుమించు ఒకే తేదీన వస్తుంది. ఆ తేదీన పనిముట్లు ముట్టుకోకూడదని నమ్మిన మనిషి, ఆ నమ్మకాన్ని ఒక యంత్రానికి కూడా చెప్పి పెట్టాడు. అయితే ఆ యంత్రం ఎక్కడ? గూట్లోకి చూశాను. దండ తీసి, గుడ్డ తీస్తే, తెరా కీబోర్డూ లేని చిన్న పాత కంప్యూటర్. వెనక ఒక తీగ గోడలోకి పోతోంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

ఇదేమిటని దర్వాన్‌ను అడిగాను. తెలియదు, ఎప్పుడూ ఆపకూడదని దాదా చెప్పాడు, అందుకని ఆపలేదు అన్నాడు. ఎవరికీ తెలియని దానికి మూడేళ్లుగా దండ వేస్తున్నారు.

తెర తగిలించి చదివాను. ఆయన రాసిన ఆజ్ఞలన్నీ ఒకే ఫైల్లో ఉన్నాయి, నా పాత నోట్సుల్లాగే పొందికగా. పొద్దున్నే స్విచ్‌లోకి వెళ్లు. తను దాచిన నకలుతో పోల్చు. తేడా ఉంటే పాతది పెట్టు. పాస్‌వర్డ్ అక్కర్లేకుండా వేరే తాళంచెవి ఒకటి ఇచ్చాడు. యంత్రాలు అమ్మిన కంపెనీలవాళ్లు వచ్చి ఇష్టమొచ్చినట్టు మార్చిపోతుంటే విసిగి చేసిన ఏర్పాటని పైనే రాసుకున్నాడు. ఆ విసుగు నాకు తెలుసు. బతికుంటే మా ఇద్దరికీ బాగా పడేదేమో.

చివర్లో ఇంకో రెండు వరసలు ఉన్నాయి. రోగులకు రిపోర్టు తయారైందని మెసేజ్ పంపే ఏర్పాటును పిలిచి, ఒక పదంకెల ఫోన్ నెంబరుకు ఏదో పంపమంటున్నాయి. పంపేది ఏమిటంటే అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక గుంపు, నాకు అర్థం కాలేదు. పని అయిందని తన ఫోన్‌కే కబురు పెట్టుకున్నాడు అనుకున్నాను. పోయిన మనిషి ఫోన్‌కు వెళ్లే కబురు ఆగితే ఎవరికి నష్టం? బెంగాలీ లిపి ఆ ఫైళ్లలో అంకెల గుంపుగా కనబడుతుందని నాకు అప్పటికి తెలియదు. అక్షరాలు నేర్పి బతికినదాన్ని, అక్షరాలు ఎదురుగా ఉంటే పోల్చుకోలేకపోయాను.

ఆయన తాళంచెవి తీసేశాను. ఫైలు ఆపేశాను. గూట్లో యంత్రం ఆర్పాను. చేయి తీసేటప్పుడు, ఎందుకో, క్షమించండి దాదా అన్నాను.

మర్నాడు ఏడూ నలభైకి ఏమీ జరగలేదు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. స్కాన్ల దారి నిలబడింది. ఆ సాయంత్రమే మేనేజరు పైవాళ్లకు రాసి, ఖాయం అయినట్టే దిది అన్నాడు. ఇంట్లో మా ఆయన వీధి చివరి దుకాణం నుంచి రసగుల్లాలు తెచ్చి, నా పెళ్లాం సర్వర్లని సూస్తాదని క్వార్టర్లలో అందరికీ చెప్పి వచ్చారు. నేను గెలిచాననుకున్నాను. అనుకుని రెండు రోజులు సుఖంగా నిద్రపోయాను.

మూడో రోజు పొద్దున దర్వాన్ గది తలుపు తట్టి, బౌది వచ్చింది అన్నాడు, వదినగారు అని. ఎవరి బౌది అని అడిగితే గూటి వైపు చూశాడు.

యాభై దాటిన మనిషి. లేతరంగు నూలు చీర, కళ్లజోడు, చేతిలో గొడుగు. పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చిన వాళ్ల మధ్య టోకెన్ తీసుకుని అరగంట కూర్చుందట. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, గూటిని చూసి, నన్ను చూసింది. నేను కుర్చీ ఇచ్చాను. కూర్చోలేదు. ఫోన్ తీసి నా చేతికి ఇచ్చింది.

ల్యాబు పేరు మీద వచ్చిన మెసేజ్‌లు. ఒకదాని కింద ఒకటి, అన్నీ ఒకటే మాట, బెంగాలీలో: పౌఛే గెఛి. చేరుకున్నాను. ప్రతి దాని పక్కనా ఏడూ నలభై. నేను వేలితో పైకి జరుపుతూనే ఉన్నాను, అవి అయిపోవడం లేదు. ఫోన్ వెనక్కి ఇస్తూ ఆమె మొహం చూశాను.

“నాకు మతి పోలేదమ్మా. ఆయనకు స్నానం చేయించి సాగనంపింది నేనే,” అంది. “మూడు రోజులుగా రావడం లేదు. విశ్వకర్మ పూజ నాడు రాదు, అది నాకు తెలుసు. ఇది వేరు. ఇక్కడ ఏమైనా చెడిపోయిందా?”

చెడిపోయింది అంటే సరిపోయేది. ఆమె తల ఊపి వెళ్లిపోయేది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పద్దెనిమిదేళ్లు పిల్లల్ని అబద్ధానికి బెంచీ ఎక్కించినదాన్ని, మింగేశాను.

“చెడిపోలేదు. నేనే ఆపాను. అది మీకు వస్తోందని తెలియలేదు,” అన్నాను. నా ఉద్యోగం నిలబడడానికి ఆపానని కూడా చెప్పాను. చెప్పాక అది ఎంత చిన్న కారణమో అనిపించింది.

అప్పుడు కూర్చుంది. ఒక వానాకాలం పట్టాల మీద నీళ్లొచ్చి ఆయన రైలు ఆగిపోతే, సాయంత్రం దాకా కబురు లేక తాను గుమ్మంలోనే కూర్చుందట. అప్పుడు ఈ ఏర్పాటు చేశాడట, నేను మరిచినా యంత్రం మరవదని. మెసేజ్ చూశాకే ఆమె పొయ్యి వెలిగించేది. నేను వింటూ ఆ ఫైలు గుర్తుచేసుకుంటున్నాను. అందులో ఆయన వచ్చాడా లేదా అని చూసే వరస ఎక్కడా లేదు. వచ్చినా రాకపోయినా, ఏడూ నలభైకి చేరుకున్నాను అని అది చెప్పేస్తుంది. ఆ సంగతి ఆమెకు చెప్పాలా వద్దా అని నలిగిపోతుండగా ఆమే చెప్పింది.

“ఏడుంబావుకు ప్లాట్‌ఫారం మీద పడిపోయాడు. అక్కడికక్కడే. పోలీసులు తొమ్మిదికి ఫోన్ చేశారు. మధ్యలో, ఏడూ నలభైకి, చేరుకున్నాను అని వచ్చింది. నేను చూసుకుని అన్నం వండాను.” కళ్లజోడు తీసి తుడుచుకుంది. “అందుకే నేను దాన్ని అబద్ధం అనుకోలేదు. ఎక్కడికో చేరాడు. రోజూ చెప్తున్నాడు. అంతే అనుకున్నాను.”

మళ్లీ నడిపించమంటారా అని అడిగాను. అది నాకు ఒక్క నిమిషం పని, స్విచ్ జోలికి పోకుండా ఆ రెండు వరసలే నడిపించవచ్చు. ఆమె గూటి వైపు చూసింది. వద్దంది. ఆపింది ఒక మనిషని తెలిశాక, ఇంక యంత్రం పంపే మాట ఆయనదని నమ్మలేనంది. తరవాత, నువ్వెక్కడి నుంచి వస్తావని అడిగింది. సంత్రాగాఛి అన్నాను.

“అంత దూరమా,” అంది. “రేపటి నుంచి చేరగానే నాకొక మాట చెప్పు. నువ్వే చెప్పు, నీ చేత్తో.”

ఆ సాయంత్రం ఆ సంగతంతా మా ఆయనకు చెప్పాను. “పోనీలే, రాయి,” అన్నారు. “పోద్దేటి మనది.”

మర్నాడు ఏడున్నరకే వెళ్లాను. దర్వాన్ వాకిలి ఊడుస్తున్నాడు. గదిలో కూర్చుని, ఏడూ నలభై అయ్యేదాకా ఆగి, నా ఫోన్ నుంచి, నా వేలితో, చేరుకున్నాను దిది అని పంపాను. ఎదురుచూస్తూ ఉన్నట్టుంది, వెంటనే జవాబు వచ్చింది.

‘ఇద్దరూ చేరారు కదా. జాగ్రత్తగా ఉండండి.’

నేను ఒక్కదాన్నే ఉన్నానని రాయబోయాను. సగం రాసి, తలెత్తి గదంతా ఒకసారి చూశాను. ఆ మాట పూర్తి చేయడానికి నాకు ధైర్యం చాలలేదు. రాసింది చెరిపేసి, ఇద్దరం చేరాం అని పంపాను.